విలువ లేని సున్నాలు

శనివారం ఉదయానికి మౌలాబీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా వంట ముగించాలి. పదిన్నరకి మిక్సీని, టీవీని, మొగుణ్ణి ఆపెయ్యాలి. పదకొండింటికి కూతురు సఫూరా ముందుగదిలో లాప్‌టాప్ ఎదురుగా కూర్చుని ఉద్యోగం ఇంటర్వ్యూలో మాట్లాడాలి. మిక్సీకీ టీవీకీ మీటలున్నాయి. మూడోదాని సంగతే ఆమెకి తెల్లవారుజాము నుంచీ బెంగగా ఉంది.

ఆ మూడోది, అంటే అల్లాబక్షు, గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో ముప్పై ఏళ్లుగా గుమస్తా. వారానికి ఐదు రోజులు పొద్దున బస్సెక్కి పోతాడు కాబట్టి ఆ ఐదు రోజులూ ఇల్లు ఇల్లులా ఉంటుంది. శని, ఆదివారాలు యార్డుకి సెలవు. సెలవు రోజున ఆయన ఏదో ఒక వస్తువుని బాగుచేస్తాడు. క్రితం నెల ఫ్యాను బాగుచేశాడు. అప్పటినుంచి అది బ్రహ్మాండంగా తిరుగుతోంది, గాలి మాత్రం పైకప్పుకి వేస్తోంది. ఆయనకి తెలియని విషయం లోకంలో ఒక్కటే, తనకి తెలియనివి కూడా ఉంటాయని.

ఉద్యోగం హైదరాబాదు కంపెనీది. ఆసుపత్రుల్లో చేరినవాళ్ల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే పని. ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు. మౌలాబీకి నచ్చింది ఆ ముక్కే. హాస్టల్ అంటే ఆమెకి గ్యాస్ బండ పేలడం, పప్పులో బల్లి పడడం, మేడ మెట్ల మీద కాలు జారడం, ఈ వరసలో గుర్తొచ్చేవి. ఇంట్లో అయితే బల్లి పడినా తన కళ్లముందే పడుతుంది.

అయితే ఈ కంపెనీ ముందు సఫూరా ఇప్పటికి రెండుసార్లు కూర్చుంది. మొదటిసారి "మీ గురించి చెప్పండి" అనగానే నోరు తెరిచింది, ఆ తెరిచిన నోటితోనే బొమ్మ ఆగిపోయింది. రెండోసారి మాట పోయింది. మాట తిరిగొచ్చేసరికి అవతలివాళ్లు థాంక్యూ చెబుతున్నారు. మూడోసారి అవకాశం ఇస్తూ, ఇదే ఆఖరు అని మెయిల్ రాశారు. ఆ మెయిల్‌ని మౌలాబీ కూతురి చేత నాలుగుసార్లు చదివించుకుంది. ప్రతిసారీ అందులో ఆఖరు అనే మాటే వినిపించింది.

నెట్ ఎందుకు ఆగుతోందో ఇంట్లో అందరికీ తెలుసు. దానికి కారణం గోడ అవతల ఉంది. పేరు వెంకటేశ్వరమ్మ.

కరోనా రోజుల్లో ఆమె మనవరాలు అమ్మమ్మ ఇంట్లో ఉండి ఫోన్లో పాఠాలు వింటుంటే, చదువుకునే పిల్ల కదా అని మౌలాబీయే వైఫై పాస్‌వర్డు చెప్పింది. పాఠాలు అయిపోయాయి, మనవరాలు వాళ్ల ఊరు వెళ్లిపోయింది. పాస్‌వర్డు మాత్రం వెంకటేశ్వరమ్మ దగ్గర ఉండిపోయింది. పొద్దున లేచింది మొదలు వంటల వీడియోలు, మధ్యాహ్నం సీరియళ్లు, సాయంత్రం ఎవరో ఎక్కడో ఇల్లు సర్దుకునే వీడియోలు. పరాయివాళ్లు బీరువా సర్దడం గంటలు గంటలు చూస్తుంది గానీ, ఆమె సొంత బీరువా తలుపు మూసి పదేళ్లయింది, మూతపడదు కాబట్టి తాడు కట్టింది.

"పాస్‌వర్డు మార్చేస్తే పోలా?" అంది సఫూరా, జడ వేసుకుంటూ.

"మారిస్తే పది నిమిషాల్లో గోడమీంచి తల పెట్టి, కొత్తదేంది వదినా అని అడుగుద్ది. చెప్పనని నువ్వంటావా? మీ నాన్నంటాడా?"

సఫూరా జడ ముడి మీద దృష్టి పెట్టింది. అల్లాబక్షు పేపరు తిప్పాడు. అడగని మనిషికి ఇవ్వకుండా ఉండగల ధైర్యం ఆ ఇంట్లో పుష్కలంగా ఉంది. అడిగిన మనిషికి లేదనగల ధైర్యం ఒక్కరికీ లేదు.

"అదీగాక, బయటివాళ్లు మన నెట్‌లో ఏ ఎదవ పని చేసినా పోలీసులు మనింటికే వస్తారంట. టైలరు కొట్లో అనుకుంటుంటే విన్నా," అంది మౌలాబీ. అన్న మరుక్షణం ఆమె కళ్లముందు జీపు ఆగింది, అల్లాబక్షు చేతికి బేడీలు పడ్డాయి, పేపర్లో ఫోటో వచ్చింది, ఆ ఫోటోలో ఆయన జుట్టు దువ్వుకోలేదు.

అల్లాబక్షు పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయన పేపరు మడిచాడంటే ఏదో బాగుచెయ్యబోతున్నాడని అర్థం.

"మీ ఇద్దరూ గొడవ పడమాకండి. పాస్‌వర్డు మార్చే పనే లేదు. కేబుల్ జోసఫు చెప్పాడు. ప్రతి ఫోనుకీ కంపెనీవాడు తయారుచేసేటప్పుడే ఒక నంబరు పెడతాడంట. మ్యాక్ అడ్రస్సు అంటారు. మన ఇంటి ఫోన్ల నంబర్లు ఆ నెట్ పెట్టెలో రాసి, వీటినే రానియ్యి అంటే, మిగతావాళ్లు ఎన్ని పాస్‌వర్డులు కొట్టుకున్నా లోపలికి రాలేరు. ఆవిడ అడిగితే, పాస్‌వర్డు అదేనమ్మా, ఏమైందో ఏమో అనొచ్చు."

మౌలాబీకి ఈ ఆలోచన నచ్చింది. అదే ఆమెని భయపెట్టింది కూడా. ఆయన ఆలోచన తనకి నచ్చడం పెళ్లయ్యాక ఇది రెండోసారి. మొదటిసారి నచ్చినప్పుడు బర్రె చచ్చిపోయింది.

"నేను చేస్తాలే నాన్నా," అంది సఫూరా.

"నువ్వు పోయి ఇంగ్లీషు చదువుకో. ముప్పై ఏళ్లు లాట్ చీటీలు రాసినోడికి నాలుగు నంబర్లు రాయటం రాదా?"

సఫూరా తన గదిలోకి పోయి అద్దంతో ఇంగ్లీషు మాట్లాడడం మొదలుపెట్టింది. సరిగ్గా ఆ సమయానికే పెరటి తలుపు నుంచి వెంకటేశ్వరమ్మ వచ్చింది. ఆమె ఎప్పుడూ కరివేపాకు కోసమే వస్తుంది. మౌలాబీ పెరట్లో చెట్టు దగ్గరకి పోయి రెబ్బలు తుంచి తెచ్చేసరికి ఆమె వంటింట్లోంచి బయటికొస్తూ కనిపించింది.

"మా ఛార్జరు ఎలక కొట్టేసింది వదినా. నా ఫోను మీ గట్టు మీద పెట్టా, ఒక్క అరగంట ఎక్కనీ. మళ్లీ వచ్చి తీసుకుపోతా," అంది.

"అట్టాగే," అంది మౌలాబీ. నెట్ అయిపోయింది, ఇప్పుడు కరెంటు కూడానా అని మనసులో అనుకుని, పొయ్యి మీద పప్పు పొంగడంతో ఆ సంగతి అక్కడితో మరిచిపోయింది.

అల్లాబక్షు చీటీలు రాసే అట్ట, నీలం పెన్సిలు తీసుకుని ఇల్లంతా తిరిగాడు. యార్డులో సరుకుని ఎవరిదని రాయరు, ఎక్కడుందో రాస్తారు. ఎడమ వరస, వేపచెట్టు పక్కన, షెడ్డు మూల, ఇలా. ముప్పై ఏళ్ల అలవాటు. మంచం మీద దొరికిన ఫోనుకి "మంచం" అని రాశాడు. టీవీ పక్కన దొరికినదానికి "టీవీ పక్క". తన జేబులోది "జేబు". సఫూరా లాప్‌టాప్‌కి "బల్ల". వంటింట్లో మిక్సీ వెనక ఛార్జింగులో ఉన్నది భార్య పాత ఫోను కాబోలు అనుకుని "వంటింటి గట్టు" అని రాశాడు. దానికి తాళం కూడా లేదు. యజమానురాలి నోరులాగే ముట్టుకోగానే తెరుచుకుంది.

జోసఫ్‌కి ఫోను చేసి స్పీకరు పెట్టాడు. జోసఫ్ పక్క ఊళ్లో స్తంభం మీద ఉన్నాడు. పొద్దున్నే పత్తి లోడు లారీ ఒకటి తలకి మించిన ఎత్తుతో వెళ్తూ కేబుల్ తీగలన్నీ మెడలో వేసుకుని పోయిందట.

"బాబాయ్, జాగ్రత్తగా విను," అన్నాడు జోసఫ్. "ఫోన్లో ఆ నంబరు రెండేసి రెండేసిగా ఉంటది. మధ్యలో ఒకదాని మీద ఒకటి రెండు చుక్కలు. మీ ఇంట్లో పెట్టె పాతది. దానికి అట్టా పనికిరాదు. నాలుగేసి కావాలి, మధ్యలో ఒకటే చుక్క. రెండుని రెండుని కలిపి నాలుగు చెయ్యి. ఉన్నది ఉన్నట్టు దించు. మొత్తం పన్నెండు ఉండాలి."

"పన్నెండేగా."

"మధ్యలో ఏ, బీ, సీ, డీలొస్తే కంగారుపడమాక. అవి కూడా అంకెల కిందే లెక్క."

"ఒరేయ్ జోసఫూ, నువ్వు స్తంభం సరిగ్గా పట్టుకో. పడతావ్."

అల్లాబక్షు వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని నంబర్లు పైకి చదువుతూ రాయడం మొదలుపెట్టాడు. వంకాయలు తరుగుతున్న మౌలాబీ చెవి అటే ఉంది.

"సున్నా నాలుగు, ఏడు బీ, డీ రెండు, సున్నా తొమ్మిది..."

కాగితం మీద నాలుగు పడింది. ఏడు బీ పడింది. డీ రెండు పడింది. తర్వాత తొమ్మిది పడింది.

"సున్నా అని చదివారు, రాయలేదేం?" అంది మౌలాబీ.

అల్లాబక్షు పెన్సిలు ఆపి, తెలియనివాళ్ల మీద జాలిపడే చూపు ఒకటి చూశాడు. "ముందున్న సున్నాకి విలువ లేదే. వెనకున్నదానికే విలువ. మా యార్డులో ఎవడన్నా సున్నా నాలుగు టిక్కీలు అని రాస్తే, ఈ గుమస్తా నిన్నే చేరాడని హమాలీలు కూడా నవ్వుతారు."

"మరి పన్నెండు ఉండాలన్నాడుగా జోసఫు. సున్నాలు తీసేస్తే తగ్గవా?"

"తగ్గుతాయి. టిక్కీ బస్తా తూకం తగ్గితే ఏం చేస్తాం? మూతి కుట్టేముందు పైన ఒక దోసెడు కాయ వేస్తాం. ఎన్ని తగ్గితే అన్ని సున్నాలు చివర పెడితే సరి. లెక్కకి లెక్క, తూకానికి తూకం."

మౌలాబీ చదివింది ఏడో తరగతి. ఇందులో ఏదో తేడా ఉందని ఆమె గుండె గట్టిగా కొట్టుకుంది. కానీ ఆ గుండె రోజూ అన్నింటికీ అలాగే కొట్టుకుంటుంది. పాలు విరిగినా, పోస్టుమాన్ ఆగినా ఒకటే చప్పుడు. అందుకని ఆమె దాని మాట వినలేదు. వంకాయలు ఉప్పునీళ్లలో వేసింది.

తొమ్మిదిన్నరకి వెంకటేశ్వరమ్మ పెరటి దారినే వచ్చి తన ఫోను తాను తీసుకుపోయింది. అప్పటికి అల్లాబక్షు ముందుగదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని, అట్ట మీది నంబర్లు ఒక్కో వేలితో పెట్టెకి ఎక్కిస్తున్నాడు. పెట్టె ఒక్క మాట అనలేదు. అన్నీ లెక్కకి పన్నెండున్నాయి, నాలుగేసిగా ఉన్నాయి, మధ్యలో చుక్కలున్నాయి. ఇంకేం కావాలి దానికి. పదింటికి ఆయన "వీటినే రానివ్వు" అన్న చోట నొక్కి, వేళ్లు విరుచుకున్నాడు.

"అయిపోయింది. ఇక దోమ కూడా దూరదు."

దోమ సంగతి తెలియదు గానీ, లాప్‌టాప్‌లో నెట్ గుర్తు ఆరిపోయింది. ఆయన జేబులో ఫోనుకి ఆరిపోయింది. మంచం మీద ఫోనుకీ, టీవీ పక్క ఫోనుకీ ఆరిపోయింది. సఫూరా గదిలోంచి బయటికొచ్చి, "నాన్నా, ఏం చేశావు?" అంది. పొద్దుటి నుంచీ అద్దం ముందు సాధన చేసిన ఇంగ్లీషంతా ఆ ప్రశ్నతో తెలుగైపోయింది.

మళ్లీ జోసఫ్.

"దేని మీద నుంచి చేశావు బాబాయ్?"

"అమ్మాయి లాప్‌టాప్ మీద నుంచే."

"దాని నంబరు లిస్టులో ఎక్కించావా?"

"భేషుగ్గా."

"ఎక్కిస్తే రావాలే. రాట్లేదంటే నువ్వెక్కించింది దాని నంబరు కాదు. వాకిట్లో నిలబడి తలుపుకి తాళం వేసి, తాళంచెవి కిటికీలోంచి లోపలికి విసిరావన్నమాట. లోపలున్నోడెవడన్నా తియ్యాలి."

"లోపలెవరున్నార్రా?"

"నువ్వు రానిచ్చినోళ్లు. ఇంకో మాట. పెట్టె వెనక బెజ్జంలో పిన్ను గుచ్చబాకండి. గుచ్చితే మా ఆఫీసు వాళ్లు పెట్టినవన్నీ కూడా చెరిగిపోతాయి. మళ్లీ సోమవారం దాకా ఎవరూ రారు. ముఖ్యంగా పిన్నిని దాని దగ్గరికి పోనియ్యబాక."

అప్పటికే పైటకున్న పిన్నీసు ఊడదీసి చేతిలో పట్టుకున్న మౌలాబీ, ఎవరూ చూడకుండా మళ్లీ పెట్టుకుంది.

పదీ ఇరవై. ఆ ఊళ్లో ఫోను సిగ్నలు మాటలకి సరిపోతుంది గానీ, నెట్ మాత్రం ఇళ్లలోకి రాదు. డాబా ఎక్కితే వస్తుంది, అదీ నీళ్ల ట్యాంకు పక్కన నిలబడితే. సఫూరా లాప్‌టాప్‌ని గుండెకి అదుముకుని మెట్లెక్కింది. వెనక కుర్చీతో అల్లాబక్షు. ఆ వెనక మంచినీళ్ల చెంబు, తువ్వాలు, అమృతాంజనం, గొడుగుతో మౌలాబీ. పిల్ల మెట్ల మీద జారకూడదని మూడో మెట్టు మీద ఒకసారి, ఏడో మెట్టు మీద ఒకసారి ఆమె అరిచింది. ఆ అరుపులకే సఫూరా రెండుసార్లు జారబోయింది.

డాబా మీద ఏడాది కారానికని ఎండబెట్టిన మిరపకాయలు ట్యాంకు గోడ దాకా పరిచి ఉన్నాయి. కుర్చీ వెయ్యడానికి చోటు లేదు.

"ఒక్క నిమిషం," అన్నాడు అల్లాబక్షు. ఆ మాట ఆయన నోట వచ్చాక ఏదీ నిమిషంలో తేలలేదు. చీపురు తీసుకుని కాయల్ని ఒక పక్కకి ఊడ్చాడు. వారం రోజుల ఎండకి గలగలలాడుతున్న కాయలు. అడుగున గింజ, గింజ కింద పొడి. గాలి సరిగ్గా సఫూరా కూర్చోబోయే వైపుకే ఉంది.

మొదటి తుమ్ము అల్లాబక్షుది. తర్వాత లెక్క తప్పిపోయింది. సఫూరా తువ్వాలులో మొహం దాచుకుంది. మౌలాబీ దగ్గుతూనే, ఊపిరితిత్తుల్లోకి గింజ పోయి మొలకెత్తినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని గుర్తుచేసుకుంది. దారిన పోయే ట్రాక్టరువాడు ఆగి, "కారం మర పెట్టేసుకున్నారా సాయిబు గారూ, ఇంటి మీదే?" అని అడిగి ముక్కు మూసుకుని పోయాడు.

సఫూరా కళ్లు తెరిచేసరికి అవి ఆ కాయలతో పోటీపడుతున్నాయి. లాప్‌టాప్‌ని ఫోను సిగ్నలుకి తగిలించి తన మొహం తాను చూసుకుంది. తెర మీద మొహం బదులు ఎర్రటి గళ్లు కనిపించాయి.

"మాట వెళ్తదేమో గానీ బొమ్మ పోదమ్మా," అంది. గొంతు కూడా మారిపోయింది. "ఇదే ఆఖరుది. ఈసారి కూడా మధ్యలో ఆగితే ఇంక పిలవరు."

మౌలాబీ అమృతాంజనం మూత తీసింది.  అప్పుడే గోడ అవతల నుంచి ఒక ఆడగొంతు తేనెలా వినిపించింది.

"ఇప్పుడు ఉల్లిపాయల్ని దోరగా వేగనివ్వాలండీ. మంట సన్నగా పెట్టుకోండి. చూశారుగా, ఈ రంగు వచ్చేదాకా."

ఆగలేదు. ఎక్కడా తెగలేదు. ఉల్లిపాయలు చక్కగా, తెరిపి లేకుండా వేగుతున్నాయి.

ముగ్గురూ పిట్టగోడ మీంచి వంగి చూశారు. వెంకటేశ్వరమ్మ తన వరండాలో వాలుకుర్చీలో కూర్చుని, ఫోను బొజ్జ మీద ఆనించుకుని చూస్తోంది.

"మన నెట్ పోయిందన్నారుగా?" అంది మౌలాబీ.

"మనకి పోయింది," అన్నాడు అల్లాబక్షు మెల్లగా.

సఫూరా తండ్రి చంకలోని అట్ట లాక్కుంది. లాప్‌టాప్‌లో దాని అసలు నంబరు తీసి, అట్ట మీద "బల్ల" అని ఉన్న వరసతో పోల్చి చూసింది. తర్వాత తన ఫోను నంబరు చూసింది. తర్వాత తండ్రి మొహం చూసింది.

"నాన్నా, ముందు సున్నాలు ఏవి?"

"వాటికి విలువ..."

"ఉంది నాన్నా. ఇది తూకం కాదు, పేరు. పేరులో ముందక్షరం తీసి చివర ఇంకోటి తగిలిస్తే అది ఇంకో మనిషి." ఆమె వేలు కిందికి జరిగి ఆగింది. "ఈ ఒక్కదానిలో ముందు సున్నాలు లేవు. అందుకని సరిగ్గా వచ్చింది. ఈ వంటింటి గట్టు ఫోను ఎవరిది?"

"మీ అమ్మ పాతది."

"అది పాడైపోయి రెండేళ్ల నుంచి బీరువాలో ఉంది," అంది మౌలాబీ. అన్నాక ఆమెకి కరివేపాకు గుర్తొచ్చింది. ఎలక కొట్టేసిన ఛార్జరు గుర్తొచ్చింది. ఇంటిల్లిపాదినీ బయటికి నెట్టి, ఎవరిని బయటికి నెట్టాలనుకున్నారో ఆ ఒక్క మనిషినే లోపల పెట్టి తాళం వేశారని అర్థమయ్యేసరికి ఆమెకి దగ్గు కూడా ఆగిపోయింది.

"ఆ ఫోనుతో పెట్టె తెరిచి సరిచెయ్యొచ్చు. లేదా దాంతోనే మాట్లాడొచ్చు. పది నిమిషాలే ఉంది అమ్మా. నువ్వు అడుగు," అంది సఫూరా.

మౌలాబీ గోడ దగ్గరకి వెళ్లే పాతిక అడుగుల్లో పాతిక అబద్ధాలు కూర్చుకుంది. ఒక్కటీ నిలబడలేదు.

"వెంకటేశ్వరమ్మ వదినా, నీ ఫోను ఒక్క అరగంట ఇస్తావా? పిల్లకి ఇంటర్వ్యూ. మా వాటికి నెట్ రావట్లా."

వెంకటేశ్వరమ్మ ఉల్లిపాయల్ని ఆపి తల తిప్పింది. "మీకూ అంతేనా? నేనే అడుగుదామనుకుంటున్నా వదినా. ఈ మధ్య నాకు తెగ ఆగిపోతా ఉంది. ఇంటిల్లిపాదీ ఒక్కసారే వాడతారు మీరు, మరెట్టా వస్తది? ఇవ్వాళే కాస్త సుఖంగా ఉంది. పొద్దుటి నుంచీ ఒక్కసారి కూడా ఆగలా."

మౌలాబీ పళ్లు బిగించింది. ఆమెకి లోపల వందమాటలున్నాయి. బయటికి ఒక్కటే వచ్చింది. "నీ పుణ్యం వదినా."

"అయ్యో, పిల్ల కోసం కాదంటానా? పద, నేనూ వస్తా. నా ఫోను నేను పట్టుకుంటేనే నిలబడుద్ది. పట్టుకునే చోట పగిలింది."

పదకొండుకి రెండు నిమిషాలుండగా సఫూరా ముందుగదిలో కూర్చుంది. ఎదురుగా స్టూలు మీద వెంకటేశ్వరమ్మ, రెండు చేతుల్తో ఫోను హారతి పళ్లెంలా పట్టుకుని. తలుపు వెనక అల్లాబక్షు. ఆయన మాట్లాడకుండా ఉండడానికి మౌలాబీ ఆయన ముంజేయి గోళ్లతో పట్టుకుంది. తెర మీద హైదరాబాదు మేడమ్ ఒకామె ప్రత్యక్షమైంది. బొమ్మ అద్దంలా ఉంది.

"వెంకటేశ్వరమ్మ గారా?" అందామె, తెర మీద కనిపిస్తున్న పేరు చూసి.

"నేనేనండి," అంది ఫోను వెనక నుంచి వెంకటేశ్వరమ్మ.

"కాదండీ, నేను సఫూరా. ఇది పక్కింటి వాళ్ల ఫోను."

"కళ్లేంటమ్మా అలా ఉన్నాయి? ఏడ్చారా?"

"లేదు మేడమ్. మిరపకాయలు."

మేడమ్ కాసేపు కాగితాలు చూసింది. మొహంలో నవ్వు లేదు. "రెండుసార్లు మధ్యలో కట్ అయిపోయారు. మూడోసారి పక్కింటి ఫోనుతో వచ్చారు. ఇది ఇంటి నుంచి చేసే పని. మీ ఇంట్లో నెట్ ఉంటుందని నేనెలా నమ్మాలి? ఇవాళ ఏమైందో చెప్పండి."

 కరెంటు పోయిందని చెప్పవే, తీగ తెగిందని చెప్పవే, పత్తి లారీ మీదికి తోసెయ్యవే అని మౌలాబీ మనసులోనే మొత్తుకుంది. కానీ సఫూరాకి అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి. కళ్లు ఇప్పటికే ఎర్రగా ఉన్నాయి. ఆ పిల్ల జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

"బయటివాళ్లు మా నెట్ వాడేస్తున్నారని, మా ఫోన్ల నంబర్లు తప్ప వేరేవి రాకుండా పెట్టెలో కట్టడి చేద్దామనుకున్నాం మేడమ్."

ఫోను కొంచెం కదిలింది. "ఎవరమ్మా అంత సిగ్గులేనోళ్లు?" అంది వెంకటేశ్వరమ్మ. "పిల్ల భవిష్యత్తు ఉందని కూడా చూడకుండా?"

 మౌలాబీ గోళ్లు అల్లాబక్షు ముంజేతిలో ఇంకో మెట్టు దిగాయి.

"నంబర్లు ఒక పద్ధతిలోంచి ఇంకో పద్ధతిలోకి మార్చాలి. నాన్న మార్చారు. ముందున్న సున్నాలకి విలువ లేదని తీసేశారు. లెక్క తగ్గిందని అన్ని సున్నాలూ చివర కలిపారు. చూడ్డానికి అన్నీ పన్నెండే ఉన్నాయి కాబట్టి పెట్టె ఒప్పేసుకుంది. కానీ అవి మా ఫోన్లు కావు. సున్నాలు లేని నంబరు ఒక్కటే సరిగ్గా పడింది."

మేడమ్ కాగితాలు పక్కన పెట్టింది. "ఏమన్నారు? ముందువి తీసేసి, చివర కలిపారా?"

"అవును మేడమ్."

"చూడ్డానికి లెక్క సరిపోయింది."

"సరిపోయింది. అందుకే తప్పు కనపడలేదు."

మేడమ్ పక్కకి తిరిగి ఎవరినో పిలిచింది. తెర మీద ఒక బట్టతల కూడా వచ్చి చేరింది. ఇద్దరూ ఇంగ్లీషులో గబగబా మాట్లాడుకున్నారు. తర్వాత మేడమ్ సఫూరా వైపు తిరిగింది. మూడు వారాల నుంచి తమ దగ్గర కొందరు రోగుల రిపోర్టులు వేరేవాళ్ల పేరు మీద వెళ్తున్నాయని, ఎందుకో పట్టుకోలేక తలలు బాదుకుంటున్నామని, ఆ రోగుల నంబర్లన్నీ సున్నాతోనే మొదలవుతాయని చెప్పింది.

"మా దగ్గర కూడా ఎవరో ఇదే పని చేస్తున్నట్టున్నారు," అంది.

"ఎవరో యార్డులో చేసొచ్చినోడై ఉంటాడు," అన్నాడు తలుపు వెనక నుంచి అల్లాబక్షు, గర్వంగా. గోళ్లు లోతుగా దిగడంతో మిగతా మాట మూలుగైపోయింది.

ఒకరి రక్తం గ్రూపు ఇంకొకరికి రాసి పడేస్తే ఏం కావాలి అనుకుంది మౌలాబీ. తన మొగుడు ముప్పై ఏళ్లుగా మిరపకాయల దగ్గర పనిచేస్తున్నాడు గానీ మనుషుల దగ్గర కాదని మొదటిసారి దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంది.

ఇంకో ఇరవై నిమిషాలు మాట్లాడారు. బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. చివర్లో మేడమ్ నవ్వి, సోమవారం కాగితాలు మెయిల్లో వస్తాయని, ముందుగా ఆ సున్నాల సంగతి చూసే పనే అప్పజెబుతామని చెప్పింది.

ఆ తర్వాత సఫూరా అదే ఫోనుతో పెట్టె తెరిచి, నంబర్లన్నీ ఒక్కొక్కటీ సున్నాలతో సహా సరిచేసింది. ఇంట్లో దీపాలన్నీ వెలిగినట్టు ఫోన్లు టింగు టింగుమన్నాయి. ఫోను ఆవిడకి ఇచ్చేసి లాప్‌టాప్‌లో చూస్తే, మిగిలింది ఒకే వరస, వంటింటి గట్టు. దాన్ని తీసెయ్యడానికి ఒక్క నొక్కు చాలు. సఫూరా తల్లి వైపు చూసింది. మౌలాబీ మొగుడి వైపు చూసింది. మొగుడు ముంజేయి ఊదుకుంటున్నాడు. స్టూలు మీద వెంకటేశ్వరమ్మ టీ తాగుతూ, తన ఫోను లేకపోతే ఈ ఇంటి గతి ఏమయ్యేదో ఎవరో బంధువుకి ఫోన్లో చెబుతోంది, మూడోసారి. ఆ వరస తీసే ధైర్యం ఎవరికీ రాలేదు.

సోమవారం పొద్దున మెయిల్ వచ్చింది. పెట్టెకి ఇప్పుడు గట్టి కట్టడి ఉంది కాబట్టి ఇక జీపులూ బేడీలూ రావని, పిల్ల ఇంట్లోనే ఉద్యోగం చేసుకుంటుందని, ఇంతకన్నా భయపడడానికి ఏమీ మిగల్లేదని మౌలాబీ నెమ్మదిగా ఊపిరి పీల్చుకుంటుండగా, పెరటి తలుపు చప్పుడైంది. వెంకటేశ్వరమ్మ. ఈసారి కరివేపాకు అడగలేదు. బస్సుకి బయల్దేరుతున్న అల్లాబక్షు చేతిలో మడతపెట్టిన కాగితం ఒకటి పెట్టింది.

"మా కొత్త టీవీది ఒకటి, సెలవులకి వచ్చే మా మనవరాలి టాబ్‌ది ఒకటి, నంబర్లు రాయించుకొచ్చా అన్నయ్యగారూ. ముందు సున్నాలున్నాయి, ఈసారి చూసుకుని ఎక్కించండి."